మన ఆడపిల్లలకు కాస్త చోటు కావాలి

(పట్టణ షాదీఖానాలో జరిగిన విద్యార్థినుల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు కరపత్రం వేసినప్పుడు పలువురు మిత్రులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "ఉపకార వేతనాలు సకాలంలో రావడం లేదు. వక్ఫ్ భూములు చేజారిపోతున్నవి. నాలుగు శాతం రిజర్వేషన్ న్యాయస్థానంలో నలుగుతున్నది. ఇవన్నీ ఉండగా ఆడపిల్లల వ్యాయామం మీద సభ ఏమిటి సాబ్?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినది మొదలు మనం బడి గురించి, బ్యాంకు రుణం గురించి, ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాము. మాట్లాడవలసినదే. అయితే ఆ బడికి వెళ్ళే పిల్ల రెండంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతున్నది. ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేయవలసిన యువతి నలుగురిలోకి రావడానికి సిగ్గుపడి, తన రూపాన్ని తానే అసహ్యించుకొని గదిలో కూర్చుంటున్నది. ఇది కూడా మన హక్కుల జాబితాలో చేరవలసిన విషయమేనని మనవి చేయడానికే ఇక్కడ నిలబడినాము.

మన ఇళ్ళలో ఆడపిల్ల దేహం గురించి మాటే ఉండదని అనుకోవద్దు. కావలసినంత ఉన్నది. పిల్లకు పన్నెండేళ్ళు నిండక మునుపే మొదలవుతుంది. ఈద్‌కు ఇంటికి వచ్చిన ఖాలా, సలాముకు జవాబు చెప్పీ చెప్పకముందే "ఏమిటే, ఇంత లావైపోయావు" అంటుంది. ఫుప్పూ వచ్చి "ఎండలో తిరగకు, ఉన్న రంగు కూడా పోతుంది" అంటుంది. పిల్ల సన్నగా ఉంటే "మీ అమ్మీ అన్నం పెట్టడం లేదా" అని మరొకరు. ఇక సంబంధాలు తెచ్చే మషాతా ఇంటికి వచ్చినదంటే కోడలికి కావలసిన లక్షణాలు మూడు మాటల్లో తేలిపోతాయి: గోరీ, పత్‌లీ, లంబీ. చదువు నాలుగవది. ఆరోగ్యం ఆ జాబితాలో లేనే లేదు. తెలుపు చేస్తానని దశాబ్దాల పాటు అమ్ముడుపోయిన ఒక ప్రసిద్ధ క్రీము 2020లో తన పేరులోని 'ఫెయిర్' అన్న మాటను తీసివేసింది. కంపెనీ వారికి కలిగిన ఆ కాస్త మొహమాటం మన మషాతాలకు ఇంకా కలుగలేదు.

ఈ మాటలన్నీ ప్రేమతోనే అంటారు. మేము కాదనము. అయితే వినే పిల్లకు అర్థమయ్యేది ఒకటే. ఈ దేహం నాది కాదు, చూసి వెళ్ళేవారిది. చేతిలో ఫోను వచ్చిన తరువాత ఆ చూసేవారి సంఖ్య పెరిగింది. ఫోటో తీయగానే ముఖాన్ని తెల్లగా, ముక్కును సన్నగా, దవడను కోసుగా మార్చి చూపే ఏర్పాటు దానిలోనే ఉన్నది. అద్దంలో ఒక ముఖం, ఫోనులో ఇంకొక ముఖం. పదహారేళ్ళ పిల్ల రెండింటినీ పోల్చుకొని, అబద్ధం చెప్పే ఫోనునే నమ్ముతున్నది.

నమ్మిన తరువాత ఏమి చేస్తున్నది? అన్నం మానుతున్నది. మా దృష్టికి వచ్చిన ఒక ఇంటర్ విద్యార్థిని ఉదయం చాయ్, రెండు బిస్కెట్లు, మళ్ళీ రాత్రి ఒక రొట్టె ముక్కతో నెలల తరబడి గడిపింది. ఇంట్లో వారు, చదువు ఒత్తిడి వలన ఆకలి లేదనుకున్నారు. తరగతిలో స్పృహ తప్పి పడిన తరువాత రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు దగ్గర ఉన్నది. ఆ వయసు ఆడపిల్లలకు పన్నెండు ఉండాలి. ఆ అమ్మాయి నిజానికి లావు కూడా కాదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పవలసి ఉన్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత 2019-21లో జరిగింది. దాని ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. దేశం మొత్తం మీద 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో ఇది 59 శాతం. ఇవి అన్ని మతాల, అన్ని కులాల స్త్రీలను కలిపి వేసిన లెక్కలు. అంటే తెర వెనుక కూర్చున్న మా బిడ్డలలో సగానికి పైగా ఈ మాట వర్తించవచ్చు. రక్తం తక్కువైన పిల్లకు ఆయాసం, నీరసం, చదివినది నిలవకపోవడం, అకారణంగా చిరాకు ఉంటాయి. దానికి మనం పెట్టే పేరు బద్ధకం.

కనుక వ్యాయామానికి ముందు అన్నం మాట చెప్పాలి. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను పిల్లలు కిటికీలోంచి పారవేస్తున్నారని ఉపాధ్యాయినులు చెబుతున్నారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం కలుగుతుంది, అందుకని పారవేస్తారు. భోజనం తరువాత వేసుకొమ్మని తల్లి చెబితే చాలు. మన వంటింట్లో కలేజీ ఉన్నది, ఖీమా ఉన్నది, తోటకూర, పాలకూర ఉన్నవి. అయితే ఆ కలేజీ ముందుగా ఎవరి పళ్ళెంలో పడుతున్నదో ఇంటింటా ఒకసారి చూసుకోవాలి. ఇంకొక మాట. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగడం మనకు అలవాటు. చాయ్ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఒక గంట ఆగి తాగితే పోయేదేమీ లేదు.

ఇప్పుడు వ్యాయామం. ఆ మాట అనగానే తల్లులలో చాలామందికి తోచేది 'సన్నబడడం'. పెళ్ళి ఆరు నెలలున్నదనగా పిల్లను జిమ్‌లో చేర్చడం, పెళ్ళి కాగానే మాన్పించడం మనం చూస్తూనే ఉన్నాము. మా మనవి ఏమంటే, వ్యాయామాన్ని సన్నబడడానికి మందుగా ఇచ్చినంత కాలం అది పిల్లకు ఇంకొక శిక్షే అవుతుంది. త్రాసు మీద అంకె దిగలేదని మూడవ వారంలో మానివేస్తుంది. లేదా దిగినదని పిచ్చిగా పెంచుతుంది. అన్నం తగ్గించి, శ్రమ పెంచి, నెలసరి ఆగిపోయేంత వరకు పోయిన పిల్లలు కూడా ఉన్నారు. నెలసరి వరుసగా రాకపోతే అది దాచవలసిన సంగతి కాదు, వైద్యురాలికి చెప్పవలసిన సంగతి. పీసీఓఎస్ అనే సమస్య ఉన్న పిల్లలకు బరువు పెరగడం, ముఖం మీద వెంట్రుకలు రావడం కూడా ఉంటాయి. తిండిపోతని నిందించినందువలన అది తగ్గదు. చికిత్స ఉన్నది, చికిత్సతో పాటు నడక, ఆట సాయపడతాయి.

వ్యాయామం వలన కలిగే అసలు మేలు త్రాసుకు కనబడదు. నిద్ర పడుతుంది. మనసు తేలికపడుతుంది. దిగులు, ఆందోళన స్వల్పంగానో మధ్యస్థంగానో ఉన్నవారికి క్రమం తప్పని వ్యాయామం ఉపశమనం ఇస్తుందని వైద్యశాస్త్రం నిర్ధారించినది. దానిలో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెబుతాము. పరీక్ష హాలులో భయం పట్టుకున్న పిల్లకు గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగంగా ఆడుతుంది, చెమట పడుతుంది. ఏదో అయిపోతున్నదని ఇంకా భయపడుతుంది. పది నిమిషాలు తాడాట ఆడిన పిల్లకు కూడా సరిగ్గా అవే జరుగుతాయి. అదే గుండె దడ, అదే చెమట. అయితే కూర్చోగానే అది నెమ్మదిస్తుంది. రోజూ దానిని చూసిన పిల్లకు, గుండె వేగంగా కొట్టుకున్నంత మాత్రాన ప్రమాదం రాదని దేహమే నేర్పుతుంది. ఉపన్యాసాలతో ఇది రాదు, మా ఉపన్యాసంతో సహా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలి. అదే సంస్థ 2019లో ప్రకటించిన అధ్యయనంలో, 146 దేశాలలో బడికి వెళ్ళే 11 నుండి 17 ఏళ్ళ ఆడపిల్లలలో 85 శాతం మందికి ఆ కదలిక లేదని తేలింది. కనుక ఇది ముస్లిముల లోపమని ఎవరైనా అంటే ఒప్పుకోనవసరం లేదు. లోకమంతటా ఉన్నది. మనకు అదనంగా ఉన్న అడ్డంకులు వేరు.

ఇంటిపని వ్యాయామమే కదా అని పెద్దలు అంటారు. బట్టలు పిండడం, ఇల్లు తుడవడం శ్రమే. శ్రమను మేము తక్కువ చేయము. అయితే ఇంటర్ చదివే మన పిల్ల ఏమి చేస్తున్నదో చూడండి. ఉదయం ఆరింటికి స్టడీ అవర్, పగలంతా తరగతులు, రాత్రి పది వరకు మళ్ళీ స్టడీ అవర్. ఈఏపీసెట్ అని, నీట్ అని రోజుకు పన్నెండు గంటలు బల్ల మీద కూర్చుంటున్నది. మైదానం లేని భవనాలలో, పైకప్పు మీద రేకుల కింద నడిచే కళాశాలలకు లక్షల రూపాయలు కడుతున్నాము. ఇంటిపని చేయడానికైనా ఆ పిల్ల ఇంట్లో ఉంటే కదా.

దీన్‌కు ఇది విరుద్ధమేమోనన్న సందేహం కొందరిలో ఉన్నది. మేము ఆలిములము కాము, ఫత్వా చెప్పే అర్హత మాకు లేదు. అయితే అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్న ఒక సంఘటన ఇక్కడి పెద్దలందరికీ తెలిసినదే. దైవప్రవక్త (స) వారితో హజ్రత్ ఆయిషా (రజి) పరుగు పందెం వేశారు, గెలిచారు. కొంత కాలానికి ఆమెకు ఒళ్ళు వచ్చిన తరువాత మళ్ళీ పందెం జరిగితే ప్రవక్త వారు గెలిచి, అప్పటి దానికి ఇది బదులని చమత్కరించారు. ఈ ఉదంతాన్ని చెప్పినది స్వయంగా ఆయిషా (రజి) వారే. తన ఒళ్ళు పెరిగిన మాటను ఎంత సహజంగా చెప్పుకున్నారో గమనించండి. దానిలో సిగ్గు లేదు, నింద లేదు, రెండవ పందెం మానుకోవడం అంతకన్నా లేదు. మన ఖాలాలు, ఫుప్పూలు దీనిని ఒకసారి తలచుకోవాలని కోరుతున్నాము.

ఇక మన మధ్య నుండి వెళ్ళిన వారు. నిజామాబాద్‌లో ఒక తండ్రికి నలుగురు ఆడపిల్లలు. మూడవ పిల్లను ఆయన పరుగు కోసం మైదానానికి తీసుకువెళ్ళేవారు. అక్కడ బాక్సింగ్ నేర్చుకునేవారందరూ మగపిల్లలే కావడం చూసి, ఆడపిల్లలు ఎందుకు లేరని ఆ అమ్మాయి అడిగింది. ఆమె నిఖత్ జరీన్. నలుగురూ నాలుగు మాటలు అన్నారు. మొహమ్మద్ జమీల్ అహ్మద్ గారు ఆ మాటలను గడప దగ్గరే ఆపివేశారు. 2011లో టర్కీలో ఆమె ప్రపంచ జూనియర్ స్థాయిలో గెలిచింది. 2017లో భుజానికి గాయమై చాలా కాలం ఆటకు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. ఆమె బరువును లోకం ముందు త్రాసు మీద చూశారు, అంకె గట్టిగా చదివారు. ఆ అంకె ఏ విభాగంలో పోటీ చేయాలో తేల్చింది, అంతవరకే. మన ఇళ్ళలో అదే అంకె పిల్ల విలువను తేలుస్తున్నది.

హైదరాబాద్ సానియా మీర్జా ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచింది. 2005లో పద్దెనిమిదేళ్ళ ఆ అమ్మాయి ఆట గురించి కంటే దుస్తుల గురించి ఎక్కువ చర్చ జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంతకంటే తక్కువ మందికి తెలిసిన సంగతి ఇంకొకటి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు గాయంతో ఆట మధ్యలోనే వైదొలగిన తరువాత తాను నెలల తరబడి కుంగుబాటులో ఉన్నానని ఆమే బహిరంగంగా చెప్పింది. ఒళ్ళు ఎంత దృఢంగా ఉన్నా మనసుకు జబ్బు చేయవచ్చు. దానిని చెప్పుకోవడం నామర్దా కాదు.

దుస్తుల విషయం త్వరగా ముగిస్తాము. తలకు వస్త్రం ధరించి ఆడవచ్చునని ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2014లో, బాస్కెట్‌బాల్ సంస్థ ఫీబా 2017లో ఒప్పుకున్నవి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబ్‌తోనే కత్తిసాములో అమెరికాకు కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నది. ఎవరికి ఏది సమ్మతమో వారు ధరించి ఆడతారు. మన పట్టణంలో ఏ పిల్లకూ అడ్డు పడుతున్నది దుస్తులు కాదు. చోటు.

ఉదయం ఆరు గంటలకు మన మహల్లాలో ఆడపిల్ల ఎక్కడ నడవాలి? రోడ్డు మీద కుక్కలు, పాల బండ్లు, ఎగాదిగా చూసే కళ్ళు. పురపాలక పార్కులో నడక దారి ఉన్నది, అక్కడ మగవారి కబుర్ల బృందాలు. ప్రైవేటు జిమ్‌లో నెలకు వెయ్యికి పైగా కట్టాలి. ఇళ్ళు చూస్తే రెండు గదులు, ఆరుగురు మనుషులు. మేడ మీదికి వెళితే పొరుగు మేడల వారు. పిల్ల కదలడం లేదని మందలించే ముందు, కదలడానికి ఆమెకు పదడుగుల చోటు చూపించగలమా అని మనల్ని మనం అడుగుకోవాలి.

ఆ చోటు ఈ హాలే. మనం కూర్చున్న ఈ షాదీఖానాలో నికాహ్‌లు సాయంత్రాలు, రాత్రులు జరుగుతాయి. మొహర్రంలో, రంజాన్‌లో దాదాపుగా ఉండవు. ఏడాదిలో ఎక్కువ ఉదయాలు దీనికి తాళమే. ఈ పట్టణంలో మన ఆడపిల్లల ప్రవేశానికి ఎవరూ అభ్యంతరం చెప్పని పెద్ద కప్పు ఇది ఒక్కటే. పెళ్ళికూతురిగా రావడానికి తెరిచిన తలుపు, అంతకు ముందు పదేళ్ళ పాటు ఆరోగ్యం కోసం రావడానికి తెరిస్తే తప్పేమున్నది?

మేము కమిటీ ముందు పెట్టిన అర్జీలో ఉన్నవి చిన్న విషయాలే. వారానికి అయిదు రోజులు, ఫజ్ర్ తరువాత ఆరు నుండి ఏడున్నర వరకు హాలు స్త్రీలకు మాత్రమే. కుర్చీలు ఒక ప్రక్కకు జరుపుతారు. జంపఖానాలు ఉన్నవే. ఇరవై తాడాట తాళ్ళు, నాలుగు షటిల్ బ్యాట్లు, ఒక వల కొనాలి. ఉద్యోగ విరమణ చేసిన ఒక వ్యాయామ ఉపాధ్యాయిని రావడానికి ఒప్పుకున్నారు. ఆమె మన మతస్థురాలు కారు, డబ్బులు అడగలేదు, ఆటో ఖర్చు మాత్రం మనం ఇవ్వాలి. గేటు దగ్గర వయసు మళ్ళిన ఒక ఆపా కూర్చుంటారు. లోపల ఫోను కెమెరాలు వద్దు. త్రాసు వద్దు. గోడకు అద్దం బిగిస్తామని ఒక దాత ముందుకు వచ్చారు, కృతజ్ఞతతో వద్దన్నాము. రంజాన్‌లో వేళలు మార్చుకుంటారు.

కమిటీ మిత్రులొకరు, రాత్రి దావత్ జరిగితే ఉదయానికి హాలు శుభ్రం కాదన్నారు. నిజమే. ఆ రోజు సెలవు. నెలలో అటువంటివి ఎన్ని ఉంటాయో బుకింగ్ పుస్తకం చూసి ముందే బోర్డు మీద రాయవచ్చు. అద్దె ఆదాయం తగ్గుతుందని మరొకరు అన్నారు. ఉదయం ఆరింటికి అద్దెకు అడిగిన పార్టీ గత రెండేళ్ళలో ఎవరూ లేరని అదే పుస్తకం చెబుతున్నది. మేము జీవితమంతా రిజిస్టర్లు రాసినవారము, కనుక ఇది చూడకుండా మాట్లాడలేదు.

తల్లులు కూడా రావాలి. మోకాళ్ళ నొప్పులని, షుగరని మీరు ఎలాగూ డాక్టరు చుట్టూ తిరుగుతున్నారు. అమ్మీ వస్తే కూతురు వస్తుంది. కూతురిని మాత్రమే పంపితే, అది మళ్ళీ ఆమెను సరిదిద్దే కార్యక్రమమై కూర్చుంటుంది.

బడుల మాట. విద్యాహక్కు చట్టం 2009 అనుబంధంలో ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉన్నది. ఆరు నుండి ఎనిమిది తరగతులలో వంద మందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైం శిక్షకులు ఉండాలని కూడా ఉన్నది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. అంటే మన ఉర్దూ మీడియం బాలికల బడిలో పీఈటీ పోస్టు ఎందుకు ఖాళీగా ఉన్నదని అడిగే అధికారం తెర వెనుక కూర్చున్న మీలో కొందరికి చట్టమే ఇచ్చింది. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండవదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని అర్జీని ఏ కార్యాలయమూ గుర్తుపెట్టుకోదు. ఆ మాట లోపలి నుండి చూసినవారముగా చెబుతున్నాము. పార్కులో ఉదయం ఒక గంట స్త్రీలకు కేటాయించమని పురపాలక కమిషనర్‌కు వేరే అర్జీ సిద్ధమైనది, సంతకాలు కావాలి.

ఒక హెచ్చరిక. తాడాటతో నయం కాని బాధలు ఉన్నవి. పిల్ల వారాల తరబడి అన్నం ముట్టకపోయినా, తిన్నది కక్కివేస్తున్నా, చేతుల మీద గాట్లు కనబడినా, బ్రతకాలని లేదని ఒక్కసారి అన్నా, అది నజర్ అనో నటన అనో తీసివేయవద్దు. దుఆ చేయండి, చేస్తూనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉన్నది. నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు స్వయంగా చేయవచ్చు. ఆ నంబరును హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించే ఖర్చు మేము పెట్టుకుంటాము.

కమిటీ తీర్మానం ఈ సభ తరువాత అదే గదిలో చర్చకు వస్తున్నది. మేము అడుగుతున్నది మూడు నెలల గడువు మాత్రమే. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మానివేశారు, ఎందుకు మానివేశారు అన్నది రిజిస్టరులో రాసి కమిటీ ముందు పెడతాము. బరువుల లెక్క మాత్రం రాయము. ఇప్పటికి పదకొండు మంది పిల్లలు, నలుగురు తల్లులు పేర్లు ఇచ్చారు. ఇంకా ఇవ్వదలచినవారు వెళ్ళేటప్పుడు స్త్రీల ద్వారం దగ్గర కూర్చున్న ఆపాకు ఇవ్వండి. పేరు, తరగతి చాలు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలేదు. గేటు దగ్గర కూర్చునే ఆపా దగ్గరే ఉంచాలని మా అభిప్రాయం.